తొట్టి తెల్లబడ్డ జాతర

మా వీధి ఒకప్పుడు వేరే పల్లె. పావగడ పెరిగి పెరిగి వచ్చి మమ్మల్ని కలుపుకుంది. ఇప్పుడు మాకు పురసభ కొళాయి ఉంది, భూమి కింద మురుగు పైపు ఉంది, వీధి దీపాలున్నాయి. అయినా మా అమ్మవారు ఆ పాత పల్లెకే అమ్మవారు. ఆమె ఎల్ల కూడా పాత ఎల్లే. వీధి చివర ఆటోలు తిరిగే చోట పసుపు పూసిన గుండు ఒకటి ఉంది, అదే పొలిమేర. జాతరకు చాటింపు వేసిన రోజు నుంచి అమ్మవారిని సాగనంపే దాకా ఆ గుండు అవతలికి మా ఇళ్లలోంచి ఏదీ పోకూడదు. పాలు, పేడ, గింజలు, నీళ్లు, నిప్పు, ఏదీ. దీన్ని మేము ఎల్ల కట్టడం అంటాం. పనికి పోయేవాళ్లు పోయి పొద్దుగూకే లోపల రావచ్చు, అది కూడా వట్టి చేతులతో. ఆ వారం ఎవరింట్లోనూ తిరగమాత వేయరు. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచి నేను ఈ కట్టు తప్పలేదు. తప్పాలని అనిపించనూ లేదు. కొన్నాళ్లు ఏదీ చెయ్యి దాటనీయకుండా, ఉన్నదానికి దండం పెట్టుకుని కూర్చోవడం నాకు మంచి పూజగానే తోచేది.

ఆ గుండుకు అవతల, వంక ఒడ్డున, ఊరి మురుగునీళ్లను శుద్ధి చేసే ప్లాంటు ఉంది. మా ఆయన అక్కడ ఆపరేటరు. నేను బడికి పోలేదు. మా నాయన ఇంటి వసారాలో కూర్చోబెట్టి నేర్పిన అక్షరాలే నా చదువు. ప్లాంటు సంగతి మా ఆయన అన్నం తింటూ చెప్పింది విని, రెండుమూడు సార్లు పోయి చూసి తెలుసుకున్నాను. ఊళ్లో అందరి స్నానాల నీళ్లు, దొడ్ల నీళ్లు, హోటళ్లలో గిన్నెలు కడిగిన నీళ్లు పైపుల్లో నడిచి అక్కడికి చేరతాయి. మొదట ఇనుప జాలీ దగ్గర గుడ్డలు, కవర్లు ఆగిపోతాయి. తర్వాత ఇసుక అడుక్కు దిగుతుంది. ఆ పైన పెద్ద తొట్టి. దాని అడుగు నుంచి పగలూ రాత్రీ గాలి కొడుతుంటారు. అందులోని నీళ్లు మన్నురంగులో కుతకుతలాడుతుంటాయి. ఆ మన్ను నిజానికి మన్ను కాదు, కంటికి కనిపించని ప్రాణులట. మురుగే వాటికి తిండి. అవి తిని అడుక్కు దిగితే పైన తేటనీళ్లు మిగులుతాయి. ఆ తేటనీళ్లు చివరి చెరువులో ఆగి, తలుపు తీస్తే వంకలోకి పోతాయి. వంక పోయి పినాకినిలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకగానే ఉండే ఏరు అది. దాని దాకా పోయేలోపల ఒడ్డున ఉన్న బోర్లు కొంచెం ఊపిరి పీల్చుకుంటాయి, పశువులు తాగుతాయి.

తొట్టి బాగున్న రోజు అక్కడ తొలకరి వాన పడ్డ మట్టి వాసన వస్తుంది. నమ్మనివాళ్లు పోయి చూడవలసిందే. పొద్దున దీపం పెట్టి దండం పెట్టుకునేటప్పుడు నేను ఆ తొట్టిని కూడా తలుచుకునేదాన్ని. అందరూ వద్దని వదిలించుకున్నదాన్ని తిని, మళ్లీ నీళ్లు చేసి ఇచ్చేవాటికి ఒక నమస్కారమైనా బాకీ ఉంటామనిపించేది.

ఆ ఎండాకాలం మా అన్న గొర్రెలను తోలుకుని వచ్చాడు. నా పుట్టిల్లు రాయచెర్లు. పొలం సోలారుకు ఇచ్చేశాం. కౌలు వస్తుంది, కానీ గొర్రె కౌలు తినదు. అన్న మేపుకునే బీళ్లలో ఇప్పుడు అద్దాల వరుసలు, చుట్టూ కంచె. ఆ ఏడు అక్కడ గుంటలన్నీ ఎండిపోయాయి. ప్లాంటు దిగువ వంకలో మడుగు ఉందని నేనే కబురు పెట్టాను. చాటింపుకు ముందురోజు వచ్చి, గుండుకు అవతల మడుగు పక్కన కంపతో దొడ్డి కట్టుకున్నాడు. మందలో సగానికి పైగా సూడి గొర్రెలు. వాటికి నీళ్లు ఒక్క పూట తప్పినా కడుపులు నిలవవని అన్న చెప్పేవాడు.

జాతర మొదటి రోజు సాయంత్రం అమ్మవారి కుంభం ఊరేగుతుంది. దాన్ని నెత్తిన ఎత్తుకునేది మా అత్త. ఉపవాసంతో, జుట్టు విరబోసుకుని, చెప్పుల్లేని కాళ్లతో ప్రతి ఇంటి ముందు నుంచీ నడుస్తుంది. ఆ దారంతా మోరీలు, మురుగు పైపు మూతలు. ఆ ఏడు ఎండకు అవి భరించలేని కంపు కొడుతున్నాయి. అమ్మ కంపు మీద నడవకూడదని ఆడవాళ్లంతా అనుకున్నారు. ఎవరో దాత బ్లీచింగ్ పౌడరు బస్తాలు తెప్పించాడు. మామూలుగా గోడల వెంట చారలు పోసి ఊరుకుంటారు. ఈసారి మూతలన్నీ ఎత్తి, ఒక్కో మూతలో ఒక్కో బస్తా కుమ్మరించి నీళ్లు కొట్టారు. మా జాతరలో కలిసిన పక్క రెండు వీధులవాళ్లూ మమ్మల్ని చూసి అట్లాగే చేశారు. నేను అప్పుడు గుడి వెనక పొంగలి పొయ్యి దగ్గర ఉన్నాను. ఊరేగింపు వచ్చేసరికి దారంతా ఆస్పత్రి వాసన. అందరూ సంతోషపడ్డారు.

మరుసటి రోజు పొద్దున, రావలసిన వేళ కాని వేళ మా ఆయన ఇంటికి వచ్చాడు. చేతులు కడుక్కోకుండా గడపలోనే నిలబడ్డాడు.

"తొట్టి తెల్లబడిపాయ," అన్నాడు.

మన్నురంగు పోయి సబ్బు నురగలాగా తెల్లటి నురగ తేలిందట. రాత్రి ఉన్న పనివాళ్లకు మొదట పౌడరు వాసన వచ్చి, తెల్లవారేసరికి కుళ్లు వాసన మొదలైందట. తొట్టిలోని ప్రాణులు చచ్చిపోయాయి. మురుగు మాత్రం ఆగదు కదా, జనం స్నానాలు చేస్తూనే ఉన్నారు. వచ్చిన మురుగు వచ్చినట్టే చివరి చెరువులోకి చేరుతోంది. ఆయన వంకకు పోయే తలుపు మూసేసి వచ్చాడు.

మధ్యాహ్నానికి తుమకూరు నుంచి ఇంజినీరమ్మ వచ్చింది. చిన్న వయసే, మాట మెత్తన, పని తెలిసిన మనిషి. తొట్టి నీళ్లు గాజు జాడీలో పట్టి ఎండకు ఎత్తి చూసింది. మన్ను దిగలేదు, జాడీ అంతా కలిపిన పిండిలాగా ఉండిపోయింది. అన్నీ చావలేదని, మిగిలినవాటికి తోడు కావాలని చెప్పింది. ఆ పొద్దు వేసిన పచ్చి పేడ నీళ్లలో కలిపి, వడగట్టి, బెల్లంతో కలిపి పోస్తూ పోవాలి. గాలి ఆపకూడదు. ఇంకొక్క గుప్పెడు పౌడరు కూడా రాకూడదు. చెరువు రెండు రోజులు ఆగుతుంది, ఆపైన కట్ట పొర్లుతుంది. పొర్లితే కుళ్లు నీళ్లు నేరుగా పోయేది మా అన్న మడుగులోకి. పొర్లకపోయినా, తలుపు మూసేశాక మడుగుకు కొత్త నీళ్లు లేవు. ఆ ఎండకు అది పూట పూటకూ అంచులు విడిచి లోపలికి పోతోంది.

గొర్రె పెంటికలు పనికిరావా అని అన్న అడిగాడట. ఎండిపోయినవి చాలవని ఆమె చెప్పిందట. దూరపు పల్లె నుంచి ట్రాక్టరు పేడ దొరికింది కానీ అది నిరుటి కుప్ప. పచ్చి పేడ ఉన్నది మా వీధిలో, పక్క వీధుల్లో. ప్రతి ఇంటి ముందూ ఆవో ఎనుమో ఉంది. అంతా ఎల్లకు లోపల ఉంది. ఎల్ల దాటి పేడ పోదు. అన్నకు బిందెడు నీళ్లు తీసుకుపోదామన్నా అంతే. నా ఇంట్లో కొళాయి కారుతుంటే గుండుకు అవతల నా తోడబుట్టినవాడి గొర్రెలు నాలుకలు చాపుతున్నాయి.

ఆ సాయంత్రం రెండో ఊరేగింపు. మిగిలిన బస్తాలు గుడి అరుగు మీద పేర్చి ఉన్నాయి.

నేను గుడికి పోయాను. అత్త స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. చుట్టూ వీధి ఆడవాళ్లు బియ్యం కడుగుతున్నారు. మా ఆయన రాలేదు. కుంభం ఎత్తిన తల్లికి ఎదురు చెప్పే ధైర్యం ఆయనకు లేదు. నాకు మాత్రం ఎక్కడిది.

"అత్తా, ఈ పొద్దు ఆ పౌడరు ఎయ్యొద్దు," అన్నాను.

"ఎవురు సెప్పినారు? నీ మొగుడా, ఆ తుమకూరామెనా?"

"తొట్టి సచ్చిపోయింది అత్తా. పోయి సూస్తే నీకే తెలుస్తాది."

పక్కన బియ్యం కడుగుతున్నామె నవ్వింది. "మురుక్కి కూడా మైల పట్టాలంటనే. రేపు పెద్దదినం కూడా సేపిస్తాది ఈమె."

అందరూ నవ్వారు. అత్త నవ్వలేదు. "నెత్తిన కుంభం ఎత్తుకునేది నేను. కాలి కింద కంపు కొడితే అమ్మ నన్ను అడుగుతాది, నిన్ను కాదు," అంది.

ఆ మాట వెనక ఏముందో నాకు తెలుసు. ఈ పైపులు, ప్లాంటు రాకముందు మా వీధి మురుగు నిండి నిండి తాగే బావిలోకి దిగేది. ఒక జాతర వారంలోనే అత్త కూతురు, మా ఆయన కన్నా పెద్దది, వాంతిభేదులతో పోయింది. అప్పటి నుంచి కంపు అంటే అత్తకు చావు వాసన. ఆ పిల్ల ముఖం నేను చూడలేదు కానీ, మా ఇంటి పిల్లలు కడుపునొప్పి అన్నప్పుడల్లా అత్త కళ్లలో చూశాను. అటువంటి మనిషితో కంపు పోగొట్టొద్దని ఏ నోటితో చెప్పేది?

పేడ సంగతి ఎత్తాను. ఎత్తీ ఎత్తకముందే చెయ్యి అడ్డం పెట్టింది. "ఎల్ల దాటి పేడ పోదు. అడగొద్దు."

నేను మెట్టు మీద కూర్చున్నాను. మనసులో అమ్మవారికే మొక్కుకున్నాను, దారి చూపమని కాదు, నోటి నుంచి తప్పు మాట రానీయొద్దని. ఎదురుగా ఆ నవ్వినామె బియ్యం కడిగిన నీళ్లు మోరీలో వంచింది. తెల్లటి నీళ్లు గోడ పక్కగా పారి, కన్నంలోకి దిగి, కనిపించకుండా పోయాయి. అవి ఎక్కడికి పోతాయో ఆ అరుగు మీద నాకొక్కదానికే ప్రతిరోజూ వినిపించే కథ.

"అత్తా, ఈ కడుగునీళ్లు యాడికి పోతాయి?"

"మోరీలోకి."

"ఆడినించి?"

అత్త మోరీ కన్నం వైపు చూసింది.

"పైపు మన గుండు కిందనే పోతాది అత్తా. మనం తానం చేసిన నీళ్లు, నువ్వు కుంభం కడిగిన నీళ్లు, అన్నీ ఎల్ల దాటిపోతానే ఉండాయి. అమ్మ యాపొద్దూ ఆపలేదు."

బియ్యం కడగడం ఆగిపోయింది. ఎవరో నన్ను నోరు కడుక్కొమ్మన్నారు. ఇన్నేళ్లుగా కట్టు తప్పుతూనే ఉన్నామని అంటోందా ఈమె అని ఇంకొకరు అడిగారు. నేను ఆ మాట అనలేదు, కానీ అన్నట్టే అయింది. అత్త గుండు ఉన్న వైపు తిరిగింది. ఆమె ఏమన్నా ఆ వీధిలో దానికి తిరుగు లేదు. తప్పు అందంటే నేను జాతర ముగిసే దాకా గుడి మెట్టు ఎక్కలేను, మా ఆయన ఆ పనే మానుకోవలసి వస్తుంది, మా అన్న మంద సంగతి సరే సరి.

అత్త మెల్లగా అంది. "మనం ఎత్తుకోని పోతే దాటిచ్చినట్టు. నీళ్లు దానంతట అది పోతే దాటిచ్చినట్టు కాదు. పొద్దున్నే కళ్లాపు సల్లుతామే, మిగిలింది మోరీలోకే గదా పోయేది. అది తప్పైతే దినామూ తప్పే."

"అట్లయితే పేడనీళ్లు మూతలోనే పోద్దాం అత్తా. పైపే మోసుకోని పోతాది."

"పౌడరు ఏస్తే పేడలోటివి కూడా సస్తాయంటావు."

"సస్తాయి."

"కంపో?"

దానికి జవాబు ఆమే చెప్పుకుంది. అమ్మకు పేడ కన్నా మడి ఏముందని, దారంతా చిక్కగా కళ్లాపు చల్లమని, మిగిలినదంతా మూతల్లో పోయమని. ఆ తర్వాత నా వైపు తిరిగి ఒక మాట అంది.

"కంపు కొట్టిందంటే కుంభం నీ వాకిట్లోనే దించుతా. మళ్లా ఎత్తను."

కుంభం మధ్యలో దిగిన ఇల్లు అమ్మ వదిలేసిన ఇల్లేనని మా వీధిలో చిన్న పిల్లకు కూడా తెలుసు. నేను తల ఊపాను.

గుండుకు ఇవతల చివరి మూత దగ్గర తొట్లు పెట్టారు. పాత నూలు చీరలు నాలుగు మడతలు వేసి పేడనీళ్లు వడగట్టాం, గడ్డిపోచ కూడా పోకుండా. పొంగలికి తెచ్చిన బెల్లంలో కొంత అత్త పంపింది. నన్ను ఎగతాళి చేసినామే మోచేతుల దాకా పేడతో కూర్చుని, ఇంత మడిగా తన మొగుడికి కూడా ఎప్పుడూ వండలేదని అంటూ వడగట్టింది. కొందరు రాలేదు. రానివాళ్లు తలుపులు వేసుకోలేదు, వాకిళ్లలో నిలబడి చూశారు, అదింకా కష్టం.

నేను చేతులు కడుక్కుని, వట్టి చేతులతో గుండు దాటి ప్లాంటుకు పోయాను. మా ఆయన జాలీ దగ్గర వంగి నిలబడి ఉన్నాడు. బూడిదరంగు మురుగులో ఆకుపచ్చ చార ఒకటి సన్నగా వచ్చింది, తర్వాత వెడల్పయింది. ఆయన జాలీ పట్టుకున్న వేళ్లు వదిలాడు.

మడుగు దగ్గర అన్న కర్ర అడ్డం పట్టుకుని మందను ఆపుతున్నాడు, ఒకేసారి దిగితే ఉన్న కాసినీ బురదవుతాయని. నా చేతులు చూశాడు.

"నీళ్లు తెమ్మని అడగనులే పాపా. మన ఊర్లోనూ ఎల్ల కడతారు గదా," అన్నాడు.

అడిగి తిట్టినా బాగుండేది. కంప వెనక ఒక గొర్రె పక్కకు పడుకుని ఉంది. పొద్దున ఈచుకుపోయిందట, నెలలు నిండని రెండు పిల్లలు. అన్న ఆ సంగతి నేను అడిగితేనే చెప్పాడు.

సాయంత్రం కుంభం కదిలింది. దారంతా పచ్చగా, తడిగా ఉంది. అత్త ప్రతి మూత దగ్గరా ఒక్క క్షణం ఆగింది. ముక్కుతో కాదు, కాళ్లతో వాసన చూస్తున్నట్టు. మా వాకిట్లోకి వచ్చేసరికి నేను కొంగు నోట్లో పెట్టుకుని గడప పట్టుకున్నాను. మా ఇంటి ముందర మూత దగ్గర నాకు కంపు తెలుస్తూనే ఉంది, పేడ వాసన కింద సన్నగా. ఆమెకూ తెలిసే ఉంటుంది. తప్పెట ఆగింది. అత్త కళ్లు మూసుకుంది. తర్వాత ఎడమ చేత్తో కుంభం సరిచేసుకుని ముందుకు నడిచింది. ఆ రోజు ఆమె ఎందుకు నడిచిందో నేను ఇప్పటికీ అడగలేదు. అడగకుండానే చాలాసార్లు కాళ్లకు మొక్కాను.

మరుసటి రోజు జాడీలో మన్ను కొంచెం కదిలింది కానీ దిగలేదు. తెల్ల నురగ అంచులకు జరిగింది. చెరువు కట్టకు జానెడు దిగువకు వచ్చింది. ఇంజినీరమ్మ చెరువు నీళ్లు మోటారుతో వెనక్కి తోడించి, మొదటి నుంచి మళ్లీ పంపించింది. అట్లా కాస్త గడువు దొరికింది. మా ఆయన, ఇంకో ఇద్దరు పనివాళ్లు కట్ట మీద ఇసుక బస్తాలు పేర్చారు. వీధిలో మళ్లీ పేడ కలిపారు. ముందురోజు వాకిళ్లలో నిలబడి చూసినవాళ్లలో కొందరు ఈసారి తట్టలతో వచ్చారు. మడుగు చాపంత అయింది. అన్న గొర్రెలను వంతులవారీగా, సూడివాటిని ముందుగా దింపాడు. ఇంకొకటి ఈచుకుపోయింది.

ఆ మరుసటి పొద్దున నేను పోయేసరికి ఇంజినీరమ్మ జాడీని గోడ మీద పెట్టి, దాని ముందు చిన్నపిల్లలాగా గొంతుకూర్చుని ఉంది. అడుగున మన్నురంగు మెత్తగా, దుప్పటి కప్పినట్టు దిగింది. పైన నీళ్లలోంచి అవతలి గోడ ఇటుకలు కనిపించాయి. తొట్టి మీద నురగ చిక్కి మళ్లీ మన్నురంగుకు తిరుగుతోంది. ఆమె మాత్రం తొందరపడలేదు. చెరువులో నుంచి నీళ్లు తెచ్చి ఏవో మందులు వేసి చూసింది, కాసేపాగి మళ్లీ చూసింది. ఆ తర్వాత మా ఆయనతో తలుపు కొంచెం ఎత్తమంది, పూర్తిగా కాదు.

నీళ్లు వంకలో ఎండిన ఇసుక మీద పాకుతూ పోయాయి. మేము వాటి పక్కనే నడుచుకుంటూ పోయాం. మంద పసిగట్టింది, కంపను తోస్తోంది. అన్న దొడ్డి తలుపు కట్టు విప్పి, ఒక్క ముసలి గొర్రెను మాత్రం చెవి పట్టుకుని బయటికి తెచ్చాడు.

"ఇది ఈ యేడు సూడి కట్టలేదు. ముందు ఇది తాగనీ," అన్నాడు.

ఇంజినీరమ్మ నీళ్లు బాగున్నాయని చెప్పింది. చెప్పనీ, అన్నట్టు అన్న తల ఊపాడు. దాన్ని వదిలాడు. అది నీళ్ల అంచున మూతి పెట్టి ఊరుకుంది. తల ఎత్తి మా అందరినీ చూసింది. నేను అమ్మవారి పేరు అనుకోవడం కూడా మరిచిపోయాను. తర్వాత అది ముందుకాళ్లు మడిచి, మూతి ముంచి, చప్పుడు చేస్తూ తాగింది.

అన్న మిగిలిన మందను వదలలేదు. కర్ర అడ్డం పట్టుకుని, దాని చెవులు, కడుపు, నడక చూస్తూ ఎండలో నిలబడ్డాడు. మా ఆయన కూడా ఆయన పక్కన నిలబడ్డాడు. లోపల గొర్రెలు అరుస్తూనే ఉన్నాయి. పొద్దు నడినెత్తికి వచ్చింది. ముసలిది తుమ్మ నీడకు పోయి, పడుకుని, నెమరు వేయడం మొదలుపెట్టింది.

అప్పుడు అన్న కర్ర దించాడు.